రివెట్ ఎవరు కొట్టాలి?

అమెరికాలో సొంత విమానం కట్టుకోవడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. రెండు కార్లు పట్టే గ్యారేజీ చాలు. డిజైనుకు ముందుగా ప్రభుత్వ ధ్రువీకరణ తెచ్చుకోవాలన్న నిబంధన కూడా లేదు. అయితే కట్టడం పూర్తయి ఎగరడానికి అనుమతి అడిగే రోజున ఒక కాగితం ఎదురవుతుంది. అక్కడి పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దానికి ఫారం 8130-12 అని పేరు పెట్టింది. ఈ విమానంలో అధిక భాగం పని అమెచ్యూర్లమే చేశామని, నేర్చుకోవడానికో సరదాకో తప్ప మరే ఉద్దేశంతోనూ చేయలేదని యజమాని దాని మీద నోటరీ ముందు సంతకం పెట్టాలి. తెలిసి అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం.

కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకసారి వచ్చే సందేహం ఈ సంతకం దగ్గరే తేలుతుంది. పని తెలిసినవాళ్లకు డబ్బిచ్చి చేయించుకుంటే పోలా?

ఆ ఆలోచన రావడంలో వింతేమీ లేదు. కిట్ విమానం అంటే రెక్కలు, తోక, బాడీ విడివిడి భాగాలుగా చెక్క పెట్టెల్లో ఇంటికి రావడం. ఆ పెట్టెలు విప్పాక ఎదురయ్యేది రేకులు, కడ్డీలు, రేకుల్ని కలిపి పట్టే రివెట్లు సంచుల కొద్దీ, వందల పేజీల సూచనల పుస్తకం. ఈ రంగంలో అతి పెద్ద కంపెనీ ఒరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజినీరు 1973లో మొదలుపెట్టిన ఈ సంస్థ ఆర్‌వీ పేరుతో అమ్మిన కిట్లలో 11 వేలకు పైగా ఇప్పటికే గాల్లోకి లేచాయి. రెండు సీట్ల ఆర్‌వీ కట్టడానికి మామూలుగా 1500 నుంచి 2000 గంటలు పడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ వారానికి పది గంటలు దక్కించుకునేవారికి అది మూడు నాలుగేళ్ల పని. మధ్యలో ఊరు మారితే, ఆరోగ్యం మొండికేస్తే, మనసు విరిగితే సగం కట్టిన రెక్క గ్యారేజీ గోడకు వేలాడుతూ ఉండిపోతుంది. అలా ఆగిపోయిన కిట్లను అమ్ముతామనే ప్రకటనలు అమెరికాలో ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి.

ఇల్లయితే కాంట్రాక్టరుకు అప్పగించి, గృహప్రవేశం నాటికి వచ్చి పాలు పొంగించుకోవచ్చు. ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్ అనే తరగతిలో విమానానికి ఆ వెసులుబాటు లేదు. కారణం ఈ తరగతి పుట్టుకలోనే ఉంది. సెస్నా, పైపర్ వంటి కంపెనీలు ఒక కొత్త మోడల్‌ను అమ్మకానికి పెట్టాలంటే ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ప్రతి భాగానికీ లెక్క చూపి ధ్రువీకరణ తెచ్చుకోవాలి. దానికయ్యే ఖర్చు భారీగా ఉంటుంది. ఇంట్లో విమానం కట్టుకునే మనిషికి ఆ భారమంతా ప్రభుత్వం మినహాయించింది. బదులుగా అడిగింది ఒక్కటే, ఆ పని నువ్వే చేయాలి. ఈ మినహాయింపును అడ్డం పెట్టుకుని ఎవరైనా ధ్రువీకరణ లేని విమానాలు తయారుచేసి అమ్మే దుకాణం తెరిస్తే నియమానికి అర్థమే ఉండదు. నియమంలో రాసిన మాట ‘అధిక భాగం’. వాడుకలో దాన్నే 51 శాతం నియమం అంటారు.

ఈ 51ని ఎలా లెక్కిస్తారో చాలామందికి తెలియదు. గంటల్ని కొలవరు, డాలర్లనూ కొలవరు. విమానం కట్టడంలో ఉండే పనుల జాబితా ఒకటి ఎఫ్‌ఏఏ దగ్గర ఉంటుంది. రెక్కలో పక్కటెముకల్లా ఉండే రిబ్బులు తయారుచేయడం, వాటిని అమర్చడం, రేకు కప్పడం, నియంత్రణ తీగలు లాగడం వంటివన్నీ అందులో ఉంటాయి. ఒక్కో పని ఎవరు చేశారు, కిట్ కంపెనీయా, యజమానా, డబ్బు తీసుకున్న సహాయకుడా అని చూస్తారు. కిట్ కంపెనీ ముందే చేసి పంపింది యజమాని ఖాతాలోకి రాదు. కూలి ఇచ్చి చేయించిందీ రాదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. తొందరగా పూర్తవ్వాలనుకునేవారి కోసం క్విక్ బిల్డ్ కిట్లు అమ్ముతారు. రెక్కలు, బాడీ చాలావరకు ఫ్యాక్టరీలోనే బిగించి వస్తాయి. వాన్స్ కంపెనీ తన క్విక్ బిల్డ్ పనిని ఫిలిప్పీన్స్‌లోనూ చేయించింది. యజమానికి వందల గంటలు ఆదా. కానీ కంపెనీకి అనుమతించిన 49 శాతంలో దాదాపు అంతా అక్కడే ఖర్చయిపోతుంది. అలాంటి కిట్ కొని, పైగా మిగిలిన పనికి మనుషుల్ని పెట్టుకుంటే లెక్క 51కి చేరదు. సమయాన్ని ఒకసారి కొనుక్కున్నవాడు రెండోసారి కొనుక్కోవడానికి చట్టంలో చోటు లేదన్నమాట.

జాబితాలో లేని పనులు కొన్ని ఉన్నాయి. రంగు వేయడం, సీట్లకు తోలు కుట్టించడం, ఇంజన్ తయారీ, రేడియో, తెరల వంటి ఏవియానిక్స్ బిగించడం 51 లెక్కలోకి రావు. వీటికి ఎంత పేరున్న నిపుణుణ్ణయినా పెట్టుకోవచ్చు. ఇంకో మంచి సంగతి, ఆ 51 శాతం ఒక్క మనిషే చేయాలని లేదు. స్నేహితులు, అన్నదమ్ములు, స్కూలు పిల్లలు, ఎవరైనా డబ్బు తీసుకోకుండా చేస్తే అది లెక్కలోకి వస్తుంది. సగంలో ఆగిన కిట్‌ను కొన్నవారికి ముందటి యజమాని చేసిన పని కూడా కలుస్తుంది. దానికి ఫొటోలు, రోజువారీ రాసుకున్న లాగ్ పుస్తకం ఉండాలి. తెలివైన కొనుగోలుదారు సగం కట్టిన విమానం చూడడానికి వెళ్లినప్పుడు రేకు మెరుపు కన్నా ముందు ఆ పుస్తకం అడుగుతాడు.

ఇంత స్పష్టంగా ఉన్నా నియమాన్ని తప్పించుకున్నవారు లేకపోలేదు. డబ్బున్న యజమాని కిట్ కొంటాడు. అద్దెకు దొరికే నిపుణులు మొత్తం కట్టిపెడతారు. చివర్లో యజమాని వచ్చి తానే కట్టానని సంతకం పెడతాడు. ఇలాంటివి పెరుగుతున్నాయన్న ఆందోళనతో ఎఫ్‌ఏఏ 2008లో కొత్త కిట్లను పరిశీలించడం కొంతకాలం ఆపేసి, మరుసటి ఏడాది నిబంధనల్ని మళ్లీ రాసింది. డబ్బిచ్చి తీసుకునే సహాయాన్ని పూర్తిగా నిషేధించలేదు. ఎక్కడ ఎంత తీసుకున్నారో దాచకుండా చెప్పాలంది. ఒక రిబ్బు ఎలా చేయాలో నిపుణుడు చేసి చూపించవచ్చు, మిగతావి యజమాని చేయాలి. అది నేర్పడం. అన్నీ తనే చేసేస్తే అది కూలి పని.

నేర్పే పద్ధతిని చివరి అంచుదాకా తీసుకెళ్లిన ఉదాహరణ వాషింగ్టన్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో కనిపించింది. గ్లాస్‌ఎయిర్ కంపెనీ తన స్పోర్ట్స్‌మన్ విమానం కోసం ‘టూ వీక్స్ టు టాక్సీ’ అనే పథకం పెట్టింది. కొనుగోలుదారు ఫ్యాక్టరీకి వచ్చి రెండు వారాలు పొద్దస్తమానం పనిచేసేవాడు. పనిముట్లు, భాగాల్ని కదలకుండా పట్టే జిగ్గులు, భాగాలు అన్నీ వరసలో సిద్ధంగా ఉండేవి. పక్కనే నిపుణులు నిలబడి చెప్పేవారు. పదిహేనో రోజుకు విమానం రన్‌వే వైపు కదిలే స్థితికి వచ్చేది. ఎఫ్‌ఏఏ దీన్ని పరిశీలించి, నియమానికి లోబడే ఉందని ఒప్పుకుంది. రెండు వారాల్లో మనిషి ఎంత నేర్చుకుంటాడు అని విమర్శించినవారూ ఉన్నారు. ఆ విమర్శలో న్యాయం ఉంది.

ఎందుకంటే కిట్ విమానంలో నేర్చుకునేది చేతికి పట్టుబడే విషయం. రివెట్ కొట్టడాన్నే చూద్దాం. రేకులోని రంధ్రాల్ని ముందు డ్రిల్ చేయాలి. రంధ్రం అంచున మిగిలే సన్నటి లోహపు పొరను గీకి నునుపు చేయాలి. వదిలేస్తే కొన్నేళ్లకు పగులు అక్కడే మొదలవుతుంది. రేకులు కదలకుండా క్లికోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా బిగిస్తారు. తర్వాత ఒకరు రివెట్ గన్ పడతారు. మరొకరు రేకు వెనక చెయ్యి దూర్చి, బకింగ్ బార్ అనే నున్నటి ఇనుప దిమ్మెను రివెట్ తోకకు ఆనించి పడతారు. గన్ దడదడమంటుంది. తోక దిమ్మె మీద అణిగి వెడల్పవుతుంది. ఆ వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, ఎత్తు సగం ఉండాలి. 1/8 అంగుళం రివెట్ అయితే వెడల్పు 3/16, ఎత్తు 1/16. తక్కువైతే పట్టు చాలదు, ఎక్కువైతే లోహం బలహీనపడుతుంది. పక్కకు వాలితే డ్రిల్‌తో తీసేసి మళ్లీ కొట్టాలి. తీసేటప్పుడు చెయ్యి వణికితే రంధ్రం పెద్దదవుతుంది, అప్పుడు ఇంకా లావు రివెట్ వెతుక్కోవాలి. ఒక విమానంలో ఇలాంటివి వేలకు వేలు.

వందో రివెట్ నాటికి గన్ చప్పుడును బట్టే అది సరిగ్గా కూర్చుందో లేదో తెలిసిపోతుందని కట్టినవారు చెబుతారు. ఆ తెలివిడి తర్వాత ముప్పై ఏళ్లు పనికొస్తుంది. అమెరికా చట్టం దాన్ని గుర్తించి కట్టినవారికి ఒక హక్కు కూడా ఇచ్చింది. ముఖ్య నిర్మాతకు ఆ విమానం వరకు రిపేర్‌మన్ సర్టిఫికెట్ దొరుకుతుంది. ఏడాదికోసారి తప్పనిసరిగా జరిగే తనిఖీని లైసెన్సున్న మెకానిక్‌ను పిలవకుండా తానే చేసి సంతకం పెట్టవచ్చు. ఆ విమానాన్ని అమ్మేస్తే హక్కు కొన్నవాడికి వెళ్లదు.  తనిఖీ అధికారి ఈ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ప్రశ్నలడుగుతాడు. ఇంధన గొట్టం ఎటు వెళ్తుంది, ఆ జాయింటు ఎలా బిగించావు అంటే, అంతా వేరొకరితో చేయించినవాడు తెల్లమొహం వేయాలి.

కట్టినవాడికీ ఎగిరేవాడికీ మధ్య ఆ తెలివిడి తెగిపోతే ఏమవుతుందో 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో తెలిసింది. ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతున్న లాంగ్ ఈజీ విమానం మాంటెరే దగ్గర సముద్రంలో కూలి ఆయన చనిపోయారు. బర్ట్ రూటన్ డిజైన్ చేసిన ఆ చిన్న విమానాన్ని వేరొకరు కట్టారు, తర్వాత అది చేతులు మారింది. డెన్వర్‌కు అది కొత్త, అది నడిపిన అనుభవం చాలా తక్కువ. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు ఇంధనం మార్చే హ్యాండిల్‌ను రూటన్ తన నక్షాలో పైలట్‌కు ఎదురుగా, చేతికందేలా పెట్టారు. కట్టినవారు ఇంధన గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదన్న జాగ్రత్తతో దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చారు. దాన్ని అందుకోవాలంటే పూర్తిగా వెనక్కి తిరగాలి. అలా తిరిగే ప్రయత్నంలో ఆయన కాలు కుడి పెడల్ మీద పడి విమానం అదుపు తప్పిందని ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. బయలుదేరే ముందు ఇంధనం నింపుకోకపోవడం, హ్యాండిల్ మీద గుర్తులు లేకపోవడం, ఆ విమానంలో తగిన శిక్షణ లేకపోవడం కూడా కారణాలుగా చెప్పింది.

ఇది ఒక్క ప్రమాదంతో పోయే విషయమైతే ఇంతగా చెప్పుకోనక్కర్లేదు. ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంట్లో కట్టిన విమానాల మీద పెద్ద అధ్యయనం వెలువరించింది. అమెరికాలో అప్పటికి ఇలాంటివి సుమారు 33 వేలు. చిన్న విమానాల్లో అవి పదో వంతు. 2011లో జరిగిన ప్రమాదాల్లో వాటి వాటా 15 శాతం, ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో 21 శాతం. ఇంజన్ ఆగిపోవడం, గాల్లో అదుపు తప్పడం ప్రధాన కారణాలు. ఆ ఏడాది ప్రమాదానికి గురైన వాటిలో సగానికి పైగా, ఎగిరేవారు స్వయంగా కట్టుకున్నవి కావు, ఇతరుల దగ్గర కొన్నవి. కట్టిన కొత్తలోనూ, యజమాని మారిన కొత్తలోనూ ప్రమాదాలు ఎక్కువని అధ్యయనం చూపింది. కూలికి కట్టించుకున్న మనిషి నిజానికి తన విమానానికి మొదటి రోజే రెండో యజమాని అవుతాడు.

అలాగని నిపుణుల్ని దగ్గరకు రానివ్వకూడదనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఎవరికి డబ్బివ్వాలి అన్నదే తేల్చుకోవాల్సింది. అన్నిటికన్నా ముందు శిక్షణ. అదే మోడల్‌లో అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్ని గంటలు ఎగిరాకే మొదటిసారి సొంత విమానం ఎక్కాలి. మొదటి రోజుల్లో పరీక్షగా ఎగరడం ఎలాగూ తప్పదు. ధ్రువీకరించిన ఇంజన్, ప్రొపెల్లర్ జత ఉంటే సాధారణంగా 25 గంటలు, లేకపోతే 40 గంటలు ప్రయాణికుల్ని ఎక్కించకుండా నిర్ణీత ప్రాంతంలోనే ఎగరాలి. అర్హుడైన రెండో పైలట్‌ను ఆ పరీక్షల్లో తోడు తీసుకెళ్లే వీలు 2014లో ఎఫ్‌ఏఏ కల్పించింది. దాన్ని వాడుకోనివారు తమకు తామే అన్యాయం చేసుకున్నట్టు. శిక్షణ తర్వాత ఇంజన్. లైకమింగ్ కంపెనీ కొత్త ఇంజన్ ఖరీదు కిట్ ఖరీదుతో పోటీపడుతుంది. డబ్బు మిగుల్చుకుందామని పాత ఇంజన్‌ను గ్యారేజీలో విప్పే ముందు నాలుగుసార్లు ఆలోచించాలి. వైరింగ్ తెలియకపోతే ఏవియానిక్స్ నిపుణుడికి ఇవ్వడంలో నామోషీ లేదు. రంగు సంగతి సరే, సరదా ఉంటే చేసుకోవచ్చు, లేకపోతే ఇచ్చేయవచ్చు.

డబ్బుతో దొరకని నిపుణులు కూడా ఉన్నారు. పాల్ పోబరెజ్నీ 1953లో విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ (ఈఏఏ)కు ఇప్పుడు దాదాపు 900 శాఖలున్నాయి. అందులోని టెక్నికల్ కౌన్సెలర్లు స్వచ్ఛందంగా మన గ్యారేజీకి వచ్చి, రేకు కప్పేయకముందే లోపలి పని చూసి తప్పులు చెబుతారు. ఫీజు తీసుకోరు. ఏటా ఎండాకాలంలో ఆష్‌కోష్‌లో జరిగే వీరి ఉత్సవంలో 2014లో వేలమంది సందర్శకులు తలా ఒక రివెట్ వేసి జెనిత్ కంపెనీ కిట్ విమానాన్ని వారంలో కట్టేశారు. 2018లో అలాగే వాన్స్ ఆర్‌వీ-12 పూర్తి చేశారు.

ఆర్‌వీ-12 పేరు వచ్చింది కాబట్టి, కట్టే ఓపిక లేదని నిజాయతీగా ఒప్పుకునేవారికి ఒక మాట. తేలికపాటి విమానాల కోసం 2004లో వచ్చిన లైట్ స్పోర్ట్ నిబంధనల కింద అమ్మే కొన్ని కిట్లకు 51 శాతం నియమం వర్తించదు. కంపెనీ చెప్పినట్టు పొల్లుపోకుండా కట్టాలన్నదే షరతు, ఎవరు కట్టారన్నది కాదు. ఫ్యాక్టరీలో పూర్తిగా తయారైన లైట్ స్పోర్ట్ విమానాలూ దొరుకుతాయి. 2025 జులైలో ఎఫ్‌ఏఏ ఈ తరగతిని ఇంకా విస్తరించింది. ఎగరడమే కోరికైన మనిషి అబద్ధపు సంతకానికి పూనుకోవాల్సిన అవసరం ఏ కోశానా లేదు.

డబ్బు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని ఏ నిపుణుడూ ఆపలేడు. 1970లలో జిమ్ బీడ్ అమ్మిన బీడీ-5 కిట్‌కు వేలమంది డబ్బు కట్టారు. ఇంజన్లు సమయానికి రాలేదు, కంపెనీ దివాలా తీసింది. యాభై ఏళ్ల మంచి పేరున్న వాన్స్ కంపెనీ కూడా 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. బయట లేజర్‌తో కోయించిన భాగాల్లో రంధ్రాల దగ్గర పగుళ్లు రావడం, కొన్ని క్విక్ బిల్డ్ కిట్లలో తుప్పు కనిపించడం ఆ కష్టాలకు ముఖ్య కారణాలు. ముందే ఆర్డరిచ్చినవారు కూడా పెరిగిన ధర కట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కంపెనీ తేరుకుంది. మొత్తం కిట్‌కు ఒకేసారి డబ్బు కట్టకుండా ముందు తోక, తర్వాత రెక్క, ఆ తర్వాత బాడీ కొనుక్కోవడం అందుకే మంచిది. తోక కట్టడం పూర్తయ్యేసరికి ఈ పని తమకు సరిపడుతుందో లేదో ఎవరికి వారికే తెలిసిపోతుంది.

ఇదంతా అమెరికా సంగతి. బ్రిటన్‌లో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్లు దశలవారీగా చూసి సంతకం పెడితే తప్ప పని ముందుకు సాగదు. అక్కడ స్థిరపడిన కేరళ ఇంజినీరు ఒకరు కోవిడ్ కాలంలో దక్షిణాఫ్రికా స్లింగ్ కిట్‌తో నాలుగు సీట్ల విమానం కట్టి, 2022లో కుటుంబంతో యూరప్ దేశాలు చుట్టొచ్చారు. మన దేశంలో ముంబయి పైలట్ అమోల్ యాదవ్ ఇంటి మేడ మీద సొంత డిజైనుతో విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017లో గానీ రాలేదు. ఆయనను కష్టపెట్టింది పనితనం కన్నా అనుమతులే. బెంగళూరులోని రాజహంస అల్ట్రాలైట్స్ మాత్రం ఎక్స్-ఎయిర్ కిట్లను విదేశాలకు సైతం అమ్మింది.

అమెరికాలో ఉంటూ ఈ పని మీద మనసు పడిన తెలుగువారు ఇంకో సంగతి ముందే చూసుకోవాలి. అక్కడ విమానాన్ని సొంత పేరున రిజిస్టర్ చేయించుకోవాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కూ అదే షరతు. హెచ్1బీ మీద ఉన్నవారు తోక కిట్‌కు డబ్బు కట్టే ముందు దగ్గర్లోని ఈఏఏ శాఖకు వెళ్లి, అక్కడ ఎవరో ఒకరి విమానానికి బకింగ్ బార్ పట్టి పని నేర్చుకోవచ్చు. అలా డబ్బు తీసుకోకుండా చేసిన పని ఆ విమానం 51 శాతంలో కలుస్తుంది.